యాభై మూడో ఆకు

అనగనగా, మబ్బులు ఆగి అలుపు తీర్చుకునేంత ఎత్తున ఒక కొండ. ఆ కొండ నడుమున, కొంగుకి వేసిన ముడిలా ఒక చిన్న ఊరు. ఊళ్ళో ముప్పై గడపలుంటే, ఊరి వెనకాల అడవిలో ముప్పై వేల గడపలుండేవి.

ఎవరివంటావా? కొమ్మ మీద ఉడుతది ఒక గడప. చెట్టు తొర్రలో పిట్టది ఒక గడప. మట్టి కింద అలుగుది ఒక గడప. అలుగంటే తెలీదూ? ఒళ్ళంతా పెంకులు కప్పుకుని, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుందే, అదీ. దానికి పళ్ళు ఒక్కటీ ఉండవు, నాలాగే.

ఆ ఊరికి ఒక పద్ధతి ఉండేది. మామిడి పండాక తొలి పండు మనుషులు తినకూడదు. ముందు కొండ మీద జీవాలకి వాటా పెట్టాలి. పులి మామిడిపండు తింటుందా అని అడగకు. తిన్నా తినకపోయినా వాటా వాటాయే.

ఒక సాయంత్రం చూసుకుని, ఊరి చివర అడ్డాకులు వరసగా పరిచేవాళ్ళు. విస్తళ్ళు కుడతారు చూడు, ఆ పెద్ద పెద్ద ఆకులు. ఆ వరస ఊరి బాట దగ్గర మొదలై, నల్లబండల పక్కగా పోయి, వాగు ఒడ్డున ఆగేది. ఒక్కో ఆకు ఒక్కో జీవిది. మొత్తం యాభై మూడు ఆకులు. ఊరి పెద్దావిడ ఒకామె ఒక్కో ఆకు ముందు ఒంగి, ఆ జీవి పేరు గట్టిగా పిలిచి, ఒక మామిడి చెక్క పెట్టేది. ఆమె ఒక్కతే ఆ వరస వెంట నడవాలి. తక్కిన ఊరంతా బాట దగ్గరే కూర్చోవాలి. జనాన్ని చూస్తే జీవాలు సిగ్గుపడతాయట.

ఇంకొక మాట. ఆకు ఉన్న జీవి గడప జోలికి ఎవరూ పోకూడదు. దాని చెట్టు కొట్టకూడదు, దాని పుట్ట తవ్వకూడదు, దాని రాయి దొర్లించకూడదు. అందుకే ఆ కొండ మీద అన్ని జీవాలుండేవి.

ఆ పేర్లు పిలిచే పెద్దావిడ పేరు సుక్కమ్మ. ఆమెకి ఆ పని వాళ్ళత్త అప్పజెప్పింది. ముప్పై ఏళ్ళు ఒక్క పేరు తప్పకుండా పిలిచింది. కానీ ఆ ఏడు సుక్కమ్మకి ఒక భయం పట్టుకుంది.

ఏం భయమంటే, మతిమరుపు భయం. అంబలిలో ఉప్పు రెండుసార్లు వేసింది. కొడవలి నడుముకి దోపుకుని, కొడవలి ఏదర్రా అని ఊరంతా వెతికింది. ఒకరోజు నీళ్ళకి వెళ్ళి, బిందె అక్కడే వదిలేసి, చేతులూపుకుంటూ ఇంటికొచ్చింది. నవ్వకు. నీకూ ఎనభై ఏళ్ళు వస్తాయి.

"ఇవాళ బిందె మర్చిపోయాను. రేపు వాటాల దగ్గర ఒక పేరు మర్చిపోతే?" అనుకుంది. ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

అప్పుడు ఏం చేసిందంటే, నెల ముందునుంచే పేర్లు వల్లె వేయడం మొదలెట్టింది. దంచుతూ వల్లె వేసింది. ఊడుస్తూ వల్లె వేసింది. కట్టెలు మోస్తూ వల్లె వేసింది. "పులి, చిరుత, ఎలుగు, రేచుకుక్క, అడవిదున్న, కణుజు, ముళ్ళపంది, పునుగుపిల్లి..." అని ఒక్క గుక్కలో, ఊపిరి తిప్పుకోకుండా. ఆగితే ఎక్కడ తెగిపోతుందో అని భయం.

ఆమె తోటికోడలు జోగమ్మ అది చూసి నవ్వింది. "అక్కా, నువ్వు జీవాల్ని పిలుస్తున్నావా, తరుముతున్నావా?" అంది. జోగమ్మకీ ఆ వాటాల సాయంత్రం ఒక పనుంది. బాట దగ్గర కూర్చుని, సుక్కమ్మ ఒక పేరు పిలవగానే ఇత్తడి కంచం మీద గరిటెతో ఠంగుమని కొట్టాలి. కొట్టాక మూటలోంచి ఒక చింతగింజ తీసి పక్కన పెట్టాలి. అదీ ఆమె పని.

ఆ తర్వాత వాటాల సాయంత్రం రానే వచ్చింది. సుక్కమ్మ తలస్నానం చేసి, మామిడి చెక్కల బుట్ట చంకన పెట్టుకుని, వరస వెంట నడిచింది. నడిచిందేమిటి, పరుగెత్తింది! పేరు, చెక్క. పేరు, చెక్క. అవతల జోగమ్మ కంచం ఠంగు ఠంగుమంటూనే ఉంది. చివరి పేరు మిణుగురుది. మిణుగురుకి చెక్క పెట్టి, "హమ్మయ్య" అని నడుం నిమురుకుంది సుక్కమ్మ.

చూస్తే ఏముంది! ఆమె ముందు ఇంకొక ఆకు ఖాళీగా ఉంది.

పేర్లన్నీ అయిపోయాయి. బుట్టలో ఒక చెక్క మిగిలింది. వరసలో ఒక ఆకు మిగిలింది. ఎవరిదా ఆకు? ఎంత తన్నుకున్నా సుక్కమ్మ నోటికి పేరు రాలేదు.

ఊరి పెద్దకాపు బొజ్జిరెడ్డి లేచి వచ్చాడు. చెడ్డవాడు కాదు పాపం. చిన్నప్పుడు సుక్కమ్మ చేతి గోరుముద్దలు తిన్నవాడే. కానీ ఏటా వానకి వాళ్ళ కొండపొలాల మట్టి కొట్టుకుపోతుంటే, రాతి గట్టు కట్టాలని అతనికి ఎప్పటినుంచో ఆశ. నల్లబండలు పగలగొడితే బోలెడు రాయి. ఆకున్న జీవులెవరూ అక్కడ కాపురం ఉన్నట్టు అతనికి తెలీదు. అయినా ఏ ఆకు తాలూకు గడపైనా అక్కడ ఉందేమోనని భయపడి ఇన్నాళ్ళూ గునపం ఎత్తలేదు. ఎవరిదో తెలియని ఆ ఆకు పోతే, ఆ భయమూ పోతుంది.

"పెద్దమ్మా, పిల్లలు పండ్లు చూస్తూ లొట్టలేస్తున్నారు. మూడు సాయంత్రాలు ఆగుతాం. మూడోనాటికి నీకు పేరు గుర్తొచ్చిందా సరే. రాలేదా, ఆ ఆకు మడిచేద్దాం. ఇకనుంచి యాభై రెండే అనుకుందాం" అన్నాడు.

"ఆకు మడిచేస్తే ఆ జీవి ఎక్కడికి పోతుందిరా బొజ్జీ?"

"ఎవరో కూడా తెలియని జీవికి గడపేమిటి పెద్దమ్మా?"

ఆ రాత్రంతా సుక్కమ్మకి ఒకటే దిగులు. ఏ చెట్టు మీదో, ఏ రాయి కిందో, ఏదో ఒక జీవి ఏమీ తెలియకుండా పడుకుని ఉంది. దాని వాటా తన బుర్రలోంచి జారిపోయింది. ఇక దాని చెట్టు ఎవరైనా కొట్టొచ్చు, దాని రాయి ఎవరైనా లేపొచ్చు.

మొదటి రోజు తెల్లారగానే సుక్కమ్మ కర్ర పట్టుకుని చెట్ల గుంపులోకి పోయింది. "కళ్ళతో చూస్తే నోటికి రాకపోతుందా" అనుకుంది.

పైకి చూసింది. అబ్బ, ఆ అడవి చెట్లు! వాటి చివరలు చూడాలంటే మెడ వెనక్కి విరిగిపోవాలి. ఆ కొమ్మల మీద బెట్టుడుత ఉంది. మన పెరట్లో ఉడుత లాంటిది కాదు. పిల్లి అంత ఉంటుంది. వీపు వక్క రంగు, పొట్ట మీగడ రంగు, తోకేమో చీపురుకట్ట. అది పుట్టాక నేల మీద కాలు పెట్టడమే తక్కువట. ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి దూకితే, నడుమ ఆకాశమే. ఒక గూడు చాలదని నాలుగు గూళ్ళు కట్టుకుంటుంది.

"నీకు అందిందమ్మా?" అని అడిగింది సుక్కమ్మ. బెట్టుడుత పదిహేడో ఆకు. పేరు గుర్తుంది.

ఆ తర్వాత ఒక పాత చెట్టు తొర్ర దగ్గర రెక్కల చప్పుడైంది. ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టుకున్నట్టుండే కొమ్ముపిట్ట. ఆ పిట్టల కాపురం ఎంత చిత్రమో తెలుసా? ఆడపిట్ట గుడ్లు పెట్టే వేళకి తొర్రలో దూరి, బురదతో వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందే వదులుతుంది. పిల్లలు ఎదిగేదాకా మగపిట్ట పగలంతా అడవి తిరిగి, మర్రిపండ్లూ జువ్విపండ్లూ తెచ్చి, ఆ సందులోంచి ఒక్కొక్కటే నోటికందిస్తుంది. నెలా కాదు, రెండు నెలలా కాదు. ఒక్కపూట మర్చిపోదు!

సుక్కమ్మ అక్కడే నిలబడిపోయింది. "ఏమయ్యా, నీకు మతిమరుపు రాదా?" అంది. పిట్ట ఆమె కాళ్ళ దగ్గర ఒక గింజ ఉమ్మి ఎగిరిపోయింది. దానికేం తీరిక?

అది ఇరవయ్యో ఆకు. అదీ గుర్తుంది.

అంతలో పొదల్లోంచి కొత్త కూత వినిపించింది. ముందు డేగలా, తర్వాత కోడిలా, ఆ తర్వాత పిల్లిలా. "ఇదే! ఇదే నేను మర్చిపోయిన జీవి!" అని సుక్కమ్మ ముళ్ళకంపలు తోసుకుంటూ పోయింది. చీర చిరిగింది. మోచెయ్యి గీసుకుంది. తీరా చూస్తే, తోకకి రెండు పొడుగీకలు, వాటి చివర రెండు గరిటెలు వేలాడేసుకుని, నల్లగా నిగనిగలాడుతూ పసులపోలిగాడు! అడవిలో ఉండే పెద్దరకం. వాడికి సొంత గొంతుతో పాటు పదిమంది గొంతులొచ్చు. తనకి తోచినప్పుడు అందరినీ వెక్కిరిస్తాడు.

"ఓరి దొంగ సచ్చినోడా! నీది ఇరవై నాలుగో ఆకు కాదూ!" అని సుక్కమ్మ కర్ర ఎత్తింది. వాడు కోడిలా కొక్కొరొకో అని పోయాడు.

అలా మొదటి రోజు గడిచింది.

రెండో రోజు సుక్కమ్మ వాగులోకి దిగింది. వేసవి కదా, వాగు సన్నగా, జడపాయలా పారుతోంది. రాయి పక్కన పీతమ్మ పొట్ట కింద పిల్లల్ని మోస్తోంది. ఒక్కో పిల్ల ఆవగింజంత. ఒడ్డున మూషికజింక నీళ్ళు తాగుతోంది. జింకంటే ఎంతనుకున్నావు? కుందేలంత! దాని కాలు నీ వేలంత ఉంటుంది. ఒంటి మీద తెల్లచుక్కలు, గీతలు. కదలకుండా నిలబడితే ఎండుటాకుల్లో ఎండపొడ పడినట్టే ఉంటుంది. అంత చిన్న ప్రాణిని అంత ముచ్చటగా దిద్దిన చెయ్యి ఎవరిదో!

సుక్కమ్మ ఒక తడి దుంగని కర్రతో ఇలా తిప్పింది. కింద వానపాము లాంటిదేదో చుట్టుకుని ఉంది. వానపాము కాదు. దానికి నోరుంది, పళ్ళున్నాయి. అది కప్పకి చుట్టం! కాళ్ళు లేని కప్ప! మట్టిలోనే పుట్టి, మట్టిలోనే తిరిగి, తన గుడ్లని మధ్యన పెట్టుకుని కడవ కింద చుట్టకుదురులా చుట్టుకుని పడుకుంటుంది. ఇలాంటిదొకటి మన కాళ్ళ కింద ఉందని ఎంతమందికి తెలుసు చెప్పు?

సుక్కమ్మ సంతోషం చూడాలి! దుంగని మెల్లగా మళ్ళీ కప్పేసి, రొప్పుతూ ఊళ్ళోకొచ్చింది. "జోగీ! దొరికిందే! కాళ్ళు లేని కప్ప!"

జోగమ్మ చేట కింద పెట్టింది. "అక్కా, మొన్ననే దాన్ని పిలిచావు. మట్టికప్ప అన్నావు. కప్పకి మట్టి కావాలి గానీ మామిడెందుకని నేను నవ్వుకున్నాను కూడాను."

సుక్కమ్మ అలాగే అరుగు మీద కూలబడింది. "పిలిచానా? పిలిచిన సంగతి కూడా మర్చిపోయానా?" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో లేదో నాకు తెలీదు. కొంగు అడ్డముంది కదా.

మూడో రోజు సుక్కమ్మ అడవికి పోలేదు. గోడకి చేరగిలబడి కూర్చుంది. ఊళ్ళో బొజ్జిరెడ్డి గునపానికి కొత్తగా మొన కొట్టిస్తున్నాడు. ఆ చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది.

మధ్యాహ్నం జోగమ్మ చింతగింజల మూట పట్టుకొచ్చింది. "లే అక్కా. వరస దగ్గరకి పోదాం. నువ్వు పేర్లు చెప్పు, నేను ఒక్కో ఆకులో ఒక్కో గింజ వేస్తాను. తప్పిందెక్కడో తేలిపోతుంది" అంది.

ఇద్దరూ పోయారు. సుక్కమ్మ పేరు చెప్పింది. జోగమ్మ గింజ వేసింది. పేర్లన్నీ అయిపోయాయి, మూట కూడా అయిపోయింది. చివరి ఆకు ఖాళీ!

"నీ గింజ ఒకటి ఎక్కడో పారేశావే" అంది సుక్కమ్మ.

"నేనా? నా మూట విప్పేది ఏడాదికొక్కసారి. నీ ఆకే ఒకటి ఎక్కువ కోశారు."

"ఆకులు యాభై మూడని అత్త నాకు చేతిలో చెయ్యేసి చెప్పింది!"

"గింజలు యాభై రెండని అదే అత్త నాకు లెక్కపెట్టి కొంగులో పోసింది! నా పెళ్ళయిన ఏడు. ఆ రోజునుంచి ఇవే గింజలు. చూడు, నున్నగా అరిగిపోయాయి."

"ఒకే అత్త నాకొక లెక్క, నీకొక లెక్క చెబుతుందా? అత్తకి లెక్క రాదంటావా?"

"అత్తకా? కోడి ఇంకా పెట్టని గుడ్డు కూడా లెక్కేసేది!"

అలా అంటూనే ఇద్దరికీ నవ్వొచ్చింది. వాళ్ళత్త అలాంటిది మరి. నవ్వు ఆగాక ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"అంటే అక్కా, ఏటా నా కంచం మోగింది యాభై రెండుసార్లే" అంది జోగమ్మ మెల్లగా.

"ఏటా నేను నింపింది యాభై మూడు ఆకులు" అంది సుక్కమ్మ.

"అంటే ఒక ఆకు నువ్వు పేరు పిలవకుండానే నింపేదానివి."

సుక్కమ్మ మళ్ళీ మొదటి ఆకు దగ్గరకి పోయింది. వరస వెంట మెల్లగా నడిచింది. ఆకు ఆకు దగ్గరా ఆగుతూ నడిచింది. వాగు దగ్గరికి పోయేముందు, నల్లబండల కింద, చల్లటి నీడలో, ఒక ఆకు దగ్గర ఆమె కాలు దానంతటదే ఆగింది. మోకాలు దానంతటదే వంగింది.

"జోగీ, అత్త ఇక్కడ కూర్చునేదే. మోకాళ్ళ నొప్పి అనుకున్నాను. నాకు నేర్పేటప్పుడు కూడా, ఇక్కడ కాసేపు ఊరికే కూర్చో, ఆ తర్వాత ఒక చెక్క పెట్టి లే అంది. ఎందుకని నేనడగలేదు. ముప్పై ఏళ్ళు ఇక్కడ కూర్చున్నాను. చెక్క పెట్టి లేచాను. ఈ ఏడే కూర్చోలేదు. కూర్చుంటే పేర్లు తెగిపోతాయేమో అని పరుగెత్తాను."

అర్థమైందా బంగారూ? కూర్చోవాల్సిన ఆకు దగ్గర కూర్చోకుండా, అందులో తర్వాతి జీవి చెక్క పెట్టేసింది. అక్కడినుంచి అన్నీ ఒక్కో ఆకు ముందుకి జరిగాయి. అందుకే మిణుగురు చెక్క వేరే ఆకులో పడి, చివరి ఆకు మిగిలిపోయింది.

"అయితే ఇక్కడ ఎవరుంటారక్కా?" అంది జోగమ్మ.

"నాకు తెలీదే" అంది సుక్కమ్మ. "అడుగుదాం. అత్త అడిగినట్టే అడుగుదాం."

ఆ సాయంత్రం ఊరంతా బాట దగ్గర చేరింది. పిల్లలు పండ్ల గంపల చుట్టూ ఈగల్లా ముసిరారు. బొజ్జిరెడ్డి గునపం భుజాన వేసుకొచ్చాడు. కొత్త ఆకులు పరిచారు. సుక్కమ్మ బుట్ట తీసుకుని బయల్దేరింది.

ఈసారి పరుగు లేదు. "పులీ" అని పిలిచింది, పులి ఎలా ఉంటుందో తలుచుకుంది, చెక్క పెట్టింది. ఠంగ్! "బెట్టుడుతా" అని పిలిచింది, ఆ చీపురుకట్ట తోక తలుచుకుని నవ్వుకుంది, చెక్క పెట్టింది. ఠంగ్! పసులపోలిగాడి దగ్గర "ఇంద దొంగా" అని చిన్న చెక్క పెట్టింది. ఠంగ్!

అలా పోయి పోయి నల్లబండల కింద ఆగింది. ఆకు ముందు కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఊరుకుంది.

అవతల జోగమ్మ గరిటె పైకెత్తి, అలాగే పట్టుకుంది. కొట్టలేదు.

జనంలో గుసగుస మొదలైంది. "మర్చిపోయింది పాపం" అన్నారెవరో. బొజ్జిరెడ్డి పద్ధతి దాటి, వరస వెంట ఆమె వెనకదాకా వచ్చేశాడు. "పెద్దమ్మా..." అన్నాడు. సుక్కమ్మ వెనక్కి చూడకుండా వేలు పెదవి మీద పెట్టింది. అతను ఆగిపోయాడు. ఊరంతా ఆగిపోయింది. గాలి కూడా ఆగిందనిపించింది. వాగు చప్పుడొక్కటే మిగిలింది.

సుక్కమ్మ బండకేసే చూస్తోంది. ఏమీ కాకపోతే? ఇది ఉత్త మోకాళ్ళ నొప్పే అయితే? ఎన్ని పేర్లో నోటిదాకా వచ్చాయి. ఏదో ఒకటి పిలిచేస్తే పోలా అనిపించింది. అయినా పెదవి బిగబట్టి కూర్చుంది.

అప్పుడు బండ నెర్రెలోంచి, "టక్."

ఆ తర్వాత, "టక్ టక్ టక్ టక్ టక్!"

ఎంత గట్టిగా అనుకున్నావు! బండలో దాక్కుని ఎవరో ఉలితో రాయి చెక్కుతున్నట్టు. తర్వాత ఆ నెర్రెలోంచి ఒక తల బయటికొచ్చింది. తల వెనకే ఒళ్ళు. ఒళ్ళంతా బంగారం! పసుపు పూసుకుని ఎండలో నిలబడ్డట్టు, నల్లటి బండ మీద బంగారు బల్లి! మన గోడ మీద బల్లికి మూడింతలుంటుంది. ఈ తూర్పు కొండల్లో, ఇలాంటి చల్లటి బండల్లో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదట. వేళ్ళ చివర చిన్న చిన్న ఆకుల్లాంటి మెత్తలు. నిట్టనిలువు బండ మీద తలకిందులుగా నిలబడి, గొంతు ఉబ్బించి మళ్ళీ పలికింది. పై నెర్రెలోంచి ఇంకొకటి బదులు చెప్పింది. ఆ పక్కనుంచి మరొకటి.

సుక్కమ్మ ఒంగి నెర్రెలోకి చూసింది. లోపల బండకి ముత్యాలు అతికించినట్టు గుడ్లు! ఒక్క తల్లివి కావు. నలుగురైదుగురు తల్లులు ఒకే చోట కలిసి పెట్టినవి. ఆ బండల్లో ఎన్నేళ్ళనుంచి అలా పెడుతున్నాయో, పాత గుడ్ల గుర్తులు పూసిన సున్నపు చుక్కల్లా వరసలు వరసలుగా ఉన్నాయి.

"పలికింది! బల్లి పలికింది! సత్యం!" అని జోగమ్మ కంచం కింద పడేసి లేచి నిలబడింది.

బొజ్జిరెడ్డి నోరు తెరిచి చూస్తున్నాడు. "పెద్దమ్మా, ఇన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉందా? దీని పేరేమిటి?"

"మన ఊరు దీనికి పేరు పెట్టలేదురా. పెట్టక్కర్లేదని మా అత్త అనుకుందేమో. మనం పిలిస్తే రాదు. మనం నోరు మూసుకుంటే, తనే చెప్పుకుంటుంది."

అని, బుట్టలోంచి మామిడి చెక్క తీసి ఆకులో పెట్టింది. బల్లి మామిడి తింటుందా అంటావా? తినదు. మామిడి మీద వాలే ఈగల్ని తింటుంది. దానికి కావలసింది అదే కదా.

బొజ్జిరెడ్డి గునపం భుజం మీంచి దించాడు. "ఈ బండకా నేను గునపం వెయ్యబోయింది!" అన్నాడు. అని, వచ్చిన అడుగుల మీదే, చప్పుడు చెయ్యకుండా, బాట దగ్గరకి వెనక్కి నడిచాడు.

ఆ తర్వాత సుక్కమ్మ లేచి, తక్కిన పేర్లు పిలిచింది. మిణుగురు చెక్క మిణుగురు ఆకులోనే పడింది. యాభై మూడు ఆకులూ నిండాయి. జోగమ్మ మూటలో యాభై రెండు గింజలూ అయిపోయాయి. రెండు లెక్కలూ సరిపోయాయి. అప్పుడు చూడాలి పిల్లల్ని! మోచేతుల దాకా మామిడి రసం కారుతూ, టెంకలు చప్పరిస్తూ ఊరంతా తిరిగారు. బొజ్జిరెడ్డి కూడా నాలుగు పండ్లు తిన్నాడు. ఆ ఏడు పొలాలకి వెదురు దడి కట్టి, దడి పొడుగునా వట్టివేరు నాటాడు. మట్టి ఆగింది. వేరు వాసన కూడా వచ్చింది.

మరి సుక్కమ్మకి మతిమరుపు పోయిందా? పోలేదు. అంబలిలో ఉప్పు రెండుసార్లు పడుతూనే ఉంది. బిందె వాగు దగ్గరే ఉండిపోతూనే ఉంది. కానీ వాటాల సాయంత్రం మాత్రం ఆమె మళ్ళీ పరుగెత్తలేదు. తన కోడలికి ఆ పని నేర్పేటప్పుడు నల్లబండల కింద కూర్చోబెట్టి, "ఇక్కడ ఊరుకోవాలి. నా మోకాలు నొప్పి అని కాదు సుమా!" అని ముందే చెప్పింది. ఎవరికోసం ఊరుకోవాలో కూడా చూపించింది.

మనమూ ఒకసారి ఊరుకుందామా? కదలకు. కళ్ళు మూసుకో. నేనూ మాట్లాడను.

...

విన్నావా? దూలం మీద మన బల్లి. టక్ టక్ అంది. కథ సత్యమట.

రేపు నేను ఈ కథ చెబుతూ ఎక్కడైనా ఆగిపోతే, అమ్మమ్మ మర్చిపోయిందని గోల చెయ్యకు. కాసేపు ఊరుకో. ఆ తర్వాత కూడా నేను చెప్పకపోతే, నువ్వు చెప్పు. నేను వింటాను.

ఉడుతేమో కొమ్మకి, అలుగేమో మన్నుకి,
పిట్టేమో తొర్రకి, పీతేమో వాగుకి,
బంగారు బల్లేమో నల్లటి బండకి,
నిద్దరేమో కంటికి, మనమేమో ఇంటికి,
కథ ఒక్కటే నడిచీ నడిచీ కంచికి!